పీజీ డాక్టర్ల డ్యూటీకి గంటల పరిమితి పెట్టాలా, వద్దా?

మెడిసిన్ పీజీ, రెండో ఏడాది:
జూనియర్ డాక్టర్లలో బర్న్‌అవుట్, అంటే పని ఒత్తిడితో మనిషి కుదేలైపోవడం, పెరిగిపోతోందని అందరూ అంటారు, డ్యూటీ చార్టు మాత్రం ఎవరూ తెరిచి చూడరు. రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకుండా చూడాలని రెసిడెంట్ల కోసం, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే మాలాంటి డాక్టర్ల కోసం, తెచ్చిన 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే ఉంది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో అంకె లేదు, ‘సహేతుకమైన పనిగంటలు’ అని రాసి వదిలేశారు. 2024లో అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని, ఒక రోజు సెలవు ఇవ్వాలని సిఫార్సు చేసింది. వాళ్ల సర్వేలో జవాబిచ్చిన పీజీల్లో 31 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. మా యూనిట్‌లో కొత్త పేషంట్లను చేర్చుకునే అడ్మిషన్ డే రోజు పొద్దున డ్యూటీ ఎక్కితే దిగేది మర్నాడు సాయంత్రమే. కాలేజీ చేసిందల్లా ఒక ధ్యానం క్లాసు, అదీ డ్యూటీ దిగాక. సిఫార్సు చాలదు, పరిమితి ఖచ్చితంగా అమలు కావాలి.

సీనియర్ సర్జన్:
బాబూ, మీ కష్టం కాదనను. కానీ కడుపునొప్పితో వచ్చిన పేషంటు రాత్రంతా ఎలా మారుతున్నాడో పక్కన ఉండి చూస్తేనే ఎప్పుడు కోయాలో తెలుస్తుంది. షిఫ్టు మారిన ప్రతిసారీ ఏదో ఒక మాట జారిపోతుంది. అమెరికాలో 2011లో మొదటి ఏడాది రెసిడెంట్లకు వరసగా 16 గంటలే అని పెట్టి, 2017లో ఎత్తేశారు. గంటలు తగ్గిస్తే మూడేళ్ల కోర్సులో చెయ్యి తిరగదు.

అనస్థీషియా డాక్టర్, జిల్లా ఆసుపత్రి:
సర్, అక్కడ ఎత్తేసింది 16 గంటల నిబంధనే. 2003లో పెట్టిన వారానికి 80 గంటల హద్దు అలాగే ఉంది. అయినా మన పీజీ గంటలన్నీ పేషంటు పక్కనే గడుస్తున్నాయా? రాత్రి రెండింటికి శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లేది పీజీయే. రక్తం కోసం బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడేదీ, ట్రాలీ తోసేదీ, తెల్లారేలోపు డిశ్చార్జ్ సమ్మరీలు రాసేదీ వాళ్లే. అందులో సర్జరీ ఎక్కడుంది? ఆ పనులకు మనుషుల్ని వేస్తే శిక్షణకు నష్టం లేకుండానే గంటలు తగ్గుతాయి.

బర్న్‌అవుట్ అంటే ఒట్టి అలసట కాదు. ఒంట్లో శక్తి అయిపోవడంతో పాటు పని మీద విరక్తి, ‘నా వల్ల ఏం ఒరుగుతోంది’ అన్న భావన కలిసి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాన్ని జబ్బుల్లో కలపకుండా, పనిచోటు ఒత్తిడిని సరిగా సంభాళించకపోతే వచ్చే పరిస్థితిగా చూస్తోంది. వార్డులో ఇది తెలిసిపోతుంది. నిన్నటిదాకా ‘పెద్దాయన ఎలా ఉన్నారు’ అని అడిగిన పిల్లాడు ఇవాళ ‘పద్నాలుగో బెడ్’ అంటాడు, తోడొచ్చినవాళ్లు రెండోసారి అడిగితే కసురుకుంటాడు. యోగా మంచిదే, కానీ ముందు వాడికి నిద్ర కావాలి.

తల్లి:
మా అమ్మాయి గైనిక్ పీజీ. సైకియాట్రిస్టుకు చూపించుకోమంటే, ‘మా కాలేజీలోనే చూపించుకుంటే రేపటికల్లా డిపార్ట్‌మెంటంతా తెలుస్తుందమ్మా’ అంటుంది. ఏం చేయమంటారు?

అనస్థీషియా డాక్టర్:
బయట చూపించండమ్మా, అది దాపరికం కాదు, అందులో సిగ్గూ లేదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమనండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చనిపోవాలన్న మాట ఎప్పుడైనా అంటే మాత్రం ఒంటరిగా వదలకండి, సెలవు సంగతి తర్వాత.

సీనియర్ సర్జన్:
ట్రాలీలు తోయించడం తప్పే, ఒప్పుకుంటాను. 74 గంటలకు నాకు అభ్యంతరం లేదు, కానీ షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పేషంట్ల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్ రాతపూర్వకంగా ఉంటేనే. ఆపరేషన్ మధ్యలో గంట కొట్టిందని వెళ్లిపోవడం మాత్రం కుదరదు.

మెడిసిన్ పీజీ:
మధ్యలో వదిలి వెళ్తామని ఎవరూ అనలేదు సర్. కానీ 74 దాటిన వారం ఎవరు లెక్క రాయాలి? చార్టు వేసేదీ, మా థీసిస్ మీద సంతకం పెట్టేదీ ఒకరే అయినప్పుడు ఫిర్యాదు ఎవరు చేస్తారు? ఆ లెక్క కాలేజీ బయటివాళ్ల చేతిలో ఉండాలి.