నాలుగో బోరు వేయడం విశ్వాసమా? భయపడితే అవిశ్వాసమా?

చీనీతోట, నార్పల మండలం:

అందరికీ వందనాలు. మాది అనంతపురం జిల్లా నార్పల మండలంలో ఒక పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, తొమ్మిదేళ్ల చెట్లు, మంచి కాపు మీద ఉన్నాయి. ఇప్పటికి మూడు బోర్లు వేశాను. మొదటిది ఆరేళ్లు నీళ్లిచ్చి ఎండిపోయింది. రెండోది 700 అడుగులు పోయినా దుమ్మే లేచింది. మూడోది ఈ మార్చి దాకా ఇంచున్నర పోసేది, ఇప్పుడు మోటారు వేస్తే పావుగంట పోసి గాలి కొడుతోంది. పొద్దున తోటలోకి పోతే ఆకులు ముడుచుకుని ఉంటున్నాయి, సాయంత్రం చల్లబడినా విప్పుకోవడం లేదు. నిన్న ఒక చెట్టు కింద నిలబడి ఊరికే కొమ్మ పట్టుకున్నాను, పిందెలు జలజలా నా కాళ్ల మీద రాలాయి. అక్కడే కూలబడిపోయాను.

మేము క్రైస్తవులం, మా నాయన కాలం నుంచి గుడికి పోతున్నాం. మా ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన ఉన్నారు, మంచి మనిషి, మా కష్టసుఖాల్లో నిలబడినవాడు. ఆయన నాలుగో బోరు వెయ్యమంటున్నారు. బైబిల్లో ఇస్సాకు ఒక బావి పోతే ఇంకొకటి, అదీ పోతే మూడోది తవ్వాడు, అప్పుడే కదా రహెబోతు అనే బావి దొరికింది, దేవుడి మీద భారం వేసి ముందుకు పో అంటున్నారు. రిగ్గు వాళ్లను అడిగితే ఈసారి 1000 అడుగులు పోవాలన్నారు. డ్రిల్లింగు, కేసింగు, మోటారు, కేబులు అన్నీ కలిపితే మూడు లక్షలు దాటుతుంది. బ్యాంకులో ఇంక పుట్టదు, బయట తేవాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ, పాత అప్పు రెండు లక్షల ముప్పై వేలు అలాగే ఉంది.

నాకు భయంగా ఉందని కూటంలో చెప్పాను. విశ్వాసం తక్కువైతేనే భయం వస్తుంది అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు, రాత్రి రెండింటికి లేచి వాకిట్లో కూర్చుంటున్నాను. మా ఆవిడ పైకి ఏమీ అనదు. మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి మెడలో గొలుసు తీసి బీరువాలో నాకు కనబడేలా పెట్టింది. అడిగితే ఇస్తానని అర్థం. నేను అడగలేకపోతున్నాను.

దేవుణ్ణి నమ్మినవాడు భయపడకూడదా? ధైర్యం అంటే అప్పు తెచ్చి బోరు వేయడమేనా? తెలిసినవాళ్లు చెప్పండి, ఏ మతం వాళ్లయినా సరే.

తాడిపత్రి రైతు:

అన్నా, నేను మీ మతం వాణ్ణి కాను, మా ఇంటి దేవుడు గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామి. కానీ ఐదు బోర్లు వేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

నా నాలుగో బోరు కూడా దేవుడి పేరు మీదే వేశాను. నీళ్లు ఎక్కడ పడతాయో చూసి పాయింటు పెట్టే ఆయన చేతిలో కొబ్బరికాయ నిలబడింది, ఇంటిల్లిపాదీ దండం పెట్టాం, బండికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించాం. 300 అడుగుల దగ్గర కొంచెం తడి మట్టి వస్తే మా తమ్ముడు ఈల వేశాడు. ఆ తర్వాత తెల్లారేదాకా వట్టి దుమ్ము. 950 దగ్గర నేనే ఆపమన్నాను. పొద్దున చూస్తే మా చెట్లన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, మా అమ్మ కొంగుతో ఆకులు తుడుస్తా కూర్చుంది. ఏడాది పాటు కసాపురం పోలేదు నేను, స్వామి మీద అంత కోపం. తర్వాత ఒకరోజు బస్సులో గుంతకల్లు మీదుగా పోతుంటే అనిపించింది, స్వామి నాకు ఎప్పుడు చెప్పాడు బోరు వెయ్యమని? చెప్పింది పాయింటు పెట్టినాయన, ఆశపడింది నేను. మధ్యలో స్వామిని జామీను పెట్టుకున్నాను. దిగి గుడికి పోయి మొక్కుకుని వచ్చాను, కోరిక ఏమీ కోరలేదు.

ఇంక పని మాట. మన కింద ఉండేది గట్టి బండ, నీళ్లు ఆ బండ పగుళ్లలో ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తక్కువవుతాయి. కాబట్టి 700లో లేని నీళ్లు 1000లో ఉంటాయని ఏమీ లేదు. మనకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, పడమటి కనుమల వాన నీడలో ఉన్నాం, అందులో అన్ని నెలలకంటే ఎక్కువ సెప్టెంబర్‌లోనే పడుతుంది. ఊరంతా కిందికి పోటీ పడి తోడుతుంటే ఎన్ని బోర్లు వేసినా అదే నీళ్లు పంచుకుంటున్నాం. ఎప్పుడైనా వెయ్యాలనుకుంటే ముందు భూగర్భజల శాఖ వాళ్లతో సర్వే చేయించు, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకో, పక్క బోరుకు ఎంత దూరం ఉండాలో వాళ్లే చెప్తారు.

ఈ ఏడు పంట మీద ఆశ వదులుకుని చెట్టు బతికించుకో అన్నా. ఉన్న కాయ, పిందె అంతా రాల్చెయ్యి, కాయ ఉంటే చెట్టు దానికే పెడుతుంది. ఎండు కొమ్మలు, నీటి కొమ్మలు తీసెయ్యి. పాదుల్లో శెనక్కాయ పొట్టు మందంగా పరుచు. నాలుగెకరాలంటే నీకు 440 చెట్లు ఉంటాయేమో, అన్నీ కాపాడలేవు, బాగున్న 200 చెట్లు ఎంచుకో. 5,000 లీటర్ల ట్యాంకరు చెట్టుకు 100 లీటర్ల లెక్కన 50 చెట్లకు వస్తుంది, అంటే నాలుగు ట్యాంకర్లు, పది పన్నెండు రోజులకు ఒకసారి, అదీ పొద్దుగూకినాకనే పోయించు. ఆ 200 చెట్లు వానల దాకా నిలబడితే నువ్వు నిలబడినట్టే. మిగతావి వదిలేటప్పుడు కడుపు తరుక్కుపోతుంది, నాకు తెలుసు. నేను 150 చెట్లు నరికించాను, ఆ రోజు అన్నం తినలేదు.

కర్నూలు, రిటైర్డ్ టీచర్:

నాయనా, నీ భయం గురించి రాస్తాను. బోరు గురించి తాడిపత్రి ఆయన చెప్పారు, నాకు అంతకంటే తెలియదు.

2009 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజు, తుంగభద్ర, హంద్రీ రెండూ మా ఊళ్లోకి వచ్చేశాయి. మా వీధిలో పది ఇళ్ల వాళ్లం ఒకే మిద్దె మీద ఉన్నాం, రాత్రంతా కరెంటు లేదు, కింద ఎవరి ఇంట్లోనో గిన్నెలు నీళ్లలో గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లల చేత వాక్యాలు కంఠస్థం చేయించిన దాన్ని నేను, ఆ రాత్రి ఒక్క వాక్యం నోటికి రాలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకుంటూ నా కూతురి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పొద్దున దాని మణికట్టు మీద నా వేళ్ల గుర్తులున్నాయి. వణికాను నాయనా. అది అవిశ్వాసమైతే ఆ ఒక్క మాట మాత్రం ఎవరితో అంటున్నట్టు?

నీళ్లు తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద. తడిసిన బియ్యం వాసనకు లోపలికి పోలేకపోయాం. పక్కింటి బీబీ వచ్చి ఏమీ మాట్లాడకుండా చాటతో బురద ఎత్తడం మొదలుపెట్టింది, వాళ్లింట్లోనూ అంతే బురద ఉంది. ముందు మా ఇల్లు, తర్వాత వాళ్ల ఇల్లు ఎత్తుకున్నాం. నాకు ధైర్యం ఆ చాట పట్టుకున్నాక వచ్చింది, మిద్దె మీద ఉన్నంతసేపూ రాలేదు.

మీ పెద్దాయనను తప్పు పట్టకు, ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఆదికాండము 26వ అధ్యాయం ఒకసారి నువ్వే నిదానంగా చదువు. ఇస్సాకు బావులు ఎండిపోలేదు. మొదటి రెండింట్లోనూ నీళ్లు పడ్డాయి, గెరారు కాపరులు మావంటే మావని జగడమాడారు, అందుకే వాటికి ఏశెకు, శిత్నా అని పేర్లు పెట్టి వదిలేసి ముందుకు పోయాడు. అది జగడం వద్దనుకుని దక్కిన దాన్ని వదులుకున్న మనిషి కథ. వడ్డీకి తెచ్చి దుమ్ములో పోసిన వాడి కథ కాదు. ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఏళ్లకు కనబడింది. రహెబోతు దొరికి, చోటు దొరికిందని సంతోషించి, బెయేర్షెబాకు వెళ్లిన రాత్రే దేవుడు అతనికి కనబడి భయపడకు అన్నాడు. నీళ్లు పడ్డాక! అంటే అంత దొరికినా ఇస్సాకు గుండెల్లో భయం ఉందనే కదా. దానికి దేవుడు నీకు విశ్వాసం తక్కువ అనలేదు, నీకు తోడున్నానన్నాడు.

మత్తయి నాలుగో అధ్యాయం కూడా చూడు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను చెప్పింది లేఖనం చూపించే. యేసయ్య దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? అప్పు తెచ్చి 1000 అడుగులు దింపి, ఇప్పుడు నీళ్లివ్వు ప్రభువా అంటే అది ఆ శిఖరం మీద నిలబడటం లాంటిదేనని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, నువ్వూ ప్రార్థన చేసి చూసుకో.

నీ భార్యతో మాట్లాడు ముందు. ఆ గొలుసు నీకు కనబడేలా పెట్టిందంటే ఆ పిల్ల కూడా రాత్రిళ్లు నిద్రపోవడం లేదని అర్థం.

కడప నుంచి ఒక సోదరుడు:

భాయ్, టీచరమ్మ రాసింది చదివి మా అమ్మ గుర్తొచ్చింది. ఒంటెను కట్టి అప్పుడు అల్లా మీద భారం వెయ్యమని మా ప్రవక్త గారు ఒకాయనకు చెప్పారని అమ్మ మాటమాటకీ అనేది, నేను షాపు షట్టరుకు తాళం వెయ్యకుండా నమాజుకు పరిగెత్తినప్పుడల్లా. నీ ఒంటె ఆ 200 చెట్లు అనుకో.

ఒక మాట సూటిగా అడుగుతా, ఏమీ అనుకోవద్దు. రాత్రి రెండింటికి వాకిట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు చచ్చిపోదామనే ఆలోచన వస్తోందా? మా బంధువుల్లో ఒకాయన అప్పుల టెన్షన్‌తో అలాగే కూర్చునేవాడు, మేమెవరం అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే అడుగుతున్నా. వస్తుంటే ఆ క్షణమే మీ ఆవిణ్ణి లేపు. టెలి మానస్ అని మనసు బాధలకు గవర్నమెంటు హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఫోన్ చెయ్యి, ఏ వేళయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ రాసినా సరే, నేను షాపు మూసేసరికి పదకొండవుతుంది, మెలకువగానే ఉంటా.

చీనీతోట, నార్పల మండలం:

అన్నా, అమ్మా, భాయ్, అందరికీ వందనాలు. రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను.

భాయ్, నువ్వు అడిగిన ఆలోచన ఒకసారి వచ్చింది, దాచను. నిన్న రాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది, తర్వాత ఇద్దరం వాకిట్లోనే చాప వేసుకుని పడుకున్నాం. ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకున్నాం.

అమ్మా, 26వ అధ్యాయం ఇద్దరం కలిసి చదివాం. నీళ్లు పడిన బావులని మాకు ఇన్నాళ్లూ తట్టలేదు. పెద్దాయన దగ్గరికి పోయి అదే చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు, కాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. బోరు మాట ఎత్తలేదు.

రిగ్గు ఆయనకు ఫోన్ చేసి ఇప్పుడు వద్దన్నాను. భయం పోలేదు, పొద్దున లేవగానే గుండె దడ అలాగే ఉంది. ఈ రోజు ఇద్దరం తోటలోకి పోయి బాగున్న చెట్లకు ఎర్ర గుడ్డపేలికలు కట్టుకుంటూ పోయాం, 187 అయ్యాయి. గుర్తు కట్టని చెట్ల దగ్గర మా ఆవిడ ఒక్కొక్క దాన్నీ చేత్తో తాకి పోయింది. శెనక్కాయ పొట్టు పక్క ఊర్లో మాట్లాడాను, మొదటి ట్యాంకరు రేపు సాయంత్రం ఆరింటికి వస్తుంది. తాడిపత్రి అన్నా, పాదు చెట్టు మొదట్లో చెయ్యాలా, కొమ్మల నీడ అంచు కింద చెయ్యాలా? ట్యాంకరు వచ్చేలోపు చెప్పు.

తాడిపత్రి రైతు:

నీడ అంచు కిందే అన్నా, తాగే వేర్లు అక్కడే ఉంటాయి. మొదలుకు నీళ్లు తగలనియ్యకు, కుళ్లుతుంది. పొద్దున చల్లపూట తవ్వుకోండి. వీలైతే ఆదివారం నేనే బండేసుకుని వస్తా, చెట్లు చూసినట్టుంటుంది.