పార్కు గేటు ముందు పార్కింగ్ ఆపాలంటే ఎన్ని మీటర్లు ఆపాలి?
(ఇదొక చర్చ. ప్రతి మాటకు ముందున్నది రాసినవాళ్ళ మారుపేరు.)

మూడో లైను:
హైదరాబాద్ మోతీనగర్ పక్కన మా కాలనీ పార్కు చుట్టూ పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 వరకు రోడ్డుకు రెండు పక్కలా పార్కింగ్ వద్దని అసోసియేషన్ తీర్మానం పెట్టబోతోంది. పేరుకు 40 అడుగుల రోడ్డు. ఫుట్‌పాత్, ఇళ్ళ ముందు ర్యాంపులు, మొక్కల కంచెలు పోగా తారు మిగిలింది 8 మీటర్లు. రెండు వైపులా కార్లు ఆగితే అద్దాలతో కలిపి చెరో 2 మీటర్లు పోతాయి. మిగిలిన 4 మీటర్లలోనే కార్లు, ఆటోలు, నడిచే పెద్దవాళ్ళు, పిల్లలు. నేను తీర్మానం వైపే.

గుల్మొహర్:
రోడ్డంతా ఎందుకు ఆపడం? ప్రమాదం గేటు దగ్గర. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి గేటులోంచి బయటికొచ్చిన మనిషికి మొదటి బండి కుడి చేతి వైపు నుంచి వస్తుంది. అటు పక్కన ఆగిన కారే చూపుకు అడ్డం. పెద్దవాళ్ళు కారు అంచుదాకా వచ్చి తొంగి చూస్తారు. మూడున్నర అడుగుల పిల్ల పెద్ద కారు బానెట్ వెనక కనబడనే కనబడదు. గంటకు 30 కి.మీ. వేగంతో వచ్చే బండి, డ్రైవర్ చూసి బ్రేకు తొక్కేలోపు, అంటే ఒక్క సెకనులో, 8 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 5. కాబట్టి గేటుకు కుడి పక్క 15 మీటర్లు, ఎడమ పక్క 5 మీటర్లు వదిలితే చాలు.

బోరబండ అన్న:
15 మీటర్లంటే మూడు కార్ల జాగ అన్నా. ఎవలు ఇడుస్తరు?

మూడో లైను:
ఎడమకు 5 మీటర్లే ఎందుకు? అవతలి సగంలో బండ్లు ఎడమ నుంచే కదా వచ్చేది.

గుల్మొహర్:
అక్కడికి చేరేసరికి మనిషి ఆగిన కార్ల వరుస దాటి ఉంటాడు, అటు పక్క బాగానే కనిపిస్తుంది.

మూడో లైను:
నడిచే మనిషికి ఆ లెక్క సరే. బంతి వెనక పరిగెత్తే పిల్లాడు వరుస దాటి ఆగడు. ఎడమకు కూడా 15 ఉండాల్సిందే.

సాయంత్రం నడక:
బోర్డు సంగతి మీరిద్దరూ వదిలేశారు. నీలం గుండ్రంలో ఒక్క ఎర్ర గీత ఉంటే నో పార్కింగ్. పిల్లల్ని దింపడానికి క్షణం ఆగొచ్చు. గేటు ముందు ఆటోలు అలా ఆగే చూపు మూస్తాయి. కాబట్టి గేటు ముందు ఒకదాన్నొకటి దాటే రెండు ఎర్ర గీతలున్న నో స్టాపింగ్ బోర్డే పెట్టాలి. దింపుకునే చోటు దానికి అవతల గీయాలి. ఇంకో మాట, అసోసియేషన్ సొంతంగా రాయించిన బోర్డు మీద చలానా పడదు. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం అధికారులు పెట్టిన గుర్తుకే విలువ. క్రేన్ ఎత్తుకెళ్ళేది 127 కింద.

బోరబండ అన్న:
బోర్డు పెట్టినా దాని కిందనే బండి పెడ్తరు. మామూలు పెయింటు ఒక్క వానకాలం ఆగది, కరిగించి పూసే థర్మోప్లాస్టిక్ ఎయ్యాలె. ఇనుప పోళ్ళు పాతాలె.

గుల్మొహర్:
పోళ్ళ మధ్య వీల్‌చైర్ పోవాలంటే 1.2 మీటర్లు వదలాలి. కారు ఆగుతుంది, బైకు దర్జాగా దూరి ఫుట్‌పాత్ ఎక్కుతుంది. దానికంటే గేటు ఎదురుగా జీబ్రానే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే బండి వేగం తగ్గుతుంది. అంచుల్లో మాత్రం నీళ్ళు పోయే దారి వదలాలి. అది మరిచిపోతే మొదటి వానకే గేటు ముందు మడుగు, జనం మళ్ళీ రోడ్డు మధ్యలోకి.

మల్లెపందిరి:
ముందు కొబ్బరిబోండాల బండి తీసేయండి, సగం జాగా అదే తింటోంది.

సాయంత్రం నడక:
2014 వీధి వ్యాపారుల చట్టం ఉందండీ. తోపుడు బండి ఎక్కడ ఉండాలన్నది టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా తేలాలి. కాలనీ తీర్మానంతో తీసేయలేరు.

మల్లెపందిరి:
అయితే బయటి కార్లయినా ఆపండి! పక్క బస్తీల నుంచి, ఎక్కడెక్కడి అపార్టుమెంట్ల నుంచో వచ్చి మా గేట్లకు అడ్డంగా పెడతారు. కాలనీ స్టిక్కర్ ఉన్న కార్లకే చోటివ్వాలి.

బోరబండ అన్న:
గిదా అసలు ముచ్చట! పిల్లల పేరు జెప్పి మమ్ముల రానియ్యొద్దని. పార్కు మున్సిపాలిటీది, రోడ్డు గూడ గంతే. మీ స్టిక్కర్‌కు ఏ చట్టంల విలువ లేదు.

మూడో లైను:
అన్నా, ఆ మాట తీర్మానంలో లేదు.

బోరబండ అన్న:
లేకపోతే రాత్రి 11కు చూడున్రి. పార్కు మూసినంక గూడ రెండు దిక్కుల కార్లే. అవి బస్తీలోల్లయా? ప్లాన్ల స్టిల్ట్ పార్కింగ్, అంటే పిల్లర్ల నడుమ ఇంటి కింద కార్ల జాగ, అని చూపి, గోడలు పెట్టి, షట్టర్లు ఏసి కిరాయికిచ్చిన ఇండ్లయి. కింద జాగ అమ్ముకొని కారు రోడ్డు మీద పెడ్తున్రు.

మల్లెపందిరి:
అద్దెలతోనే బతికే రిటైరైన వాళ్ళున్నారు. వాళ్ళ మీద పడితే ఏమొస్తుంది?

గుల్మొహర్:
మల్లెపందిరి గారూ, ఆ జాగా పార్కింగ్‌కని చూపించే అనుమతి తెచ్చుకున్నారు. అన్న చెప్పింది లెక్కలో తేలుతుంది. పార్కు వైపు 100 మీటర్లు. గేటు దగ్గర 20 వదిలితే 80. కారుకు 6 మీటర్ల చొప్పున 13 పడతాయి. ఇళ్ళ వైపు పూర్తిగా ఖాళీ ఉంచాలి. రాత్రి 11కు, పొద్దున 7కు కార్లు లెక్కపెడదాం. రాత్రే 13 దాటితే ఆ కార్లు వాకింగ్‌కొచ్చిన వాళ్ళవి కావు.

మూడో లైను:
లెక్కకు ఒప్పుకుంటాను. ఎడమకు 15 కూడా రాయండి. స్టిల్ట్ సంగతి మాత్రం ఈ తీర్మానంలో వద్దు, రాస్తే సగం ఇళ్ళు సంతకం పెట్టవు.

బోరబండ అన్న:
రాయకుంటే నేను పెట్ట.

సాయంత్రం నడక:
లెక్క ఆదివారం పెట్టకండి, ఆ రోజు పార్కుకు జనం ఎక్కువ. మంగళవారం రాత్రి, బుధవారం పొద్దున చేయండి. ఇళ్ళ వైపు ర్యాంపు మీద సగం ఎక్కించిన కార్లను కూడా రోడ్డు మీది కార్లుగానే రాసుకోండి.