ఏసీ వేస్తేనే హై వోల్టేజ్ ఫాల్ట్, బ్యాటరీ మార్చాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది పాత హైబ్రిడ్ కారు, 201.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ప్యాక్. మూడు వారాలుగా డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలుగుతోంది. స్కానర్‌లో పీ0ఏఏ6 కోడ్, అంటే హై వోల్టేజ్ లైన్‌కీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ తగ్గిందని. మెకానిక్ ఆ కోడ్ చూడగానే బ్యాటరీ పోయింది, లక్షన్నర అవుతుంది అన్నారు.

నాకు నమ్మకం కుదరడం లేదు. ఏసీ ఆపి నడిపితే రెండు రోజులైనా లైట్ రాదు. ఏసీ వేస్తే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. నెల క్రితమే ఏసీ గ్యాస్ పట్టించాం, డబ్బా మీద పీఏజీ ఆయిల్ (ఏసీ కంప్రెసర్‌లో పోసే ఒక రకం ఆయిల్) అని ఉన్నట్టు గుర్తు. ఈ కార్లలో కంప్రెసర్ మోటార్ వైండింగ్ ఆయిల్‌లోనే తడుస్తుంది కాబట్టి, ఇన్సులేషన్ బాగా ఉండే పీఓఈ ఆయిలే పోయాలట. తప్పు అక్కడే జరిగిందా?

తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్), 1000 వోల్టుల గ్లవ్స్ ఉన్నాయి. సర్వీస్ ప్లగ్ (బ్యాటరీ నుంచి హై వోల్టేజ్‌ను తెంచే ప్లగ్) తీసి పది నిమిషాలు ఆగాక, కంప్రెసర్‌కి వెళ్లే ఆరెంజ్ రంగు హై వోల్టేజ్ కేబుల్ విడదీసి కొలిస్తే రీడింగ్ ఎంత ఉండాలి? ఆయిలే కారణమైతే ఫ్లష్ చేస్తే సరిపోతుందా, కంప్రెసర్ మార్చాలా?

నాన్నగారిని డయాలసిస్‌కి ఈ కారులోనే తీసుకెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.