పాత గుడ్డల కుప్ప శిల్పం ఎలా అవుతుంది?

మెహదీపట్నం పాఠకురాలు:
సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన 1876 నాటి ముసుగు రెబెకా ముందు నిలబడినప్పుడల్లా, చలువరాతిని పల్చటి వస్త్రంగా భ్రమింపజేసిన ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అదే ఇటలీలో 1967లో ‘ఆర్టే పోవెరా’, అంటే పేద కళ, అనే ఉద్యమం మొదలైందనీ, ఆ ఏడాదే పిస్తొలెత్తో అనే కళాకారుడు ఒక వీనస్ విగ్రహాన్ని పాత గుడ్డల కుప్ప వైపు తిప్పి నిలబెట్టి ‘గుడ్డల వీనస్’ అన్నాడనీ ఈమధ్య చదివాను. చెక్కిన శ్రమే లేనిచోట కళ ఎక్కడుంది? ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

శిల్పకళ విద్యార్థి:
ముందుగా ‘పేద’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారండీ. విమర్శకుడు జెర్మానో చెలాంట్ ఆ పేరు పెట్టినప్పుడు, వేషాలు, తెరలు, దీపాల హంగు తొలగించి నటుణ్ణీ ప్రేక్షకుణ్ణీ ఎదురెదురుగా ఉంచిన పోలండ్ నాటక దర్శకుడు గ్రొటోవ్‌స్కీ ‘పేద రంగస్థలం’ ఆయన మనసులో ఉంది. చవక వస్తువు వాడటం ఒక్కటే ఇక్కడ లక్ష్యం కాదు. వస్తువును మరొకదానిలా నటింపజేయకుండా దాని స్వభావాన్నే పని చేయనివ్వడం. రెబెకాలో రాయి బట్టలా నటిస్తుంది. 1968లో జొవాన్నీ అన్సెల్మో చేసిన శిల్పంలో మాత్రం రాయి రాయిగానే ఉంటుంది: పెద్ద గ్రానైట్ దిమ్మెకు చిన్న దిమ్మెను రాగి తీగతో కట్టి, రెంటి మధ్య తాజా లెట్యూస్ ఆకుకూరను బిగించాడు. ఆకు వాడిపోతే తీగ వదులై చిన్న రాయి జారి పడుతుంది కాబట్టి, శిల్పం నిలబడాలంటే దానికి ఎప్పటికప్పుడు మేత వేస్తున్నట్టు ఆకు మారుస్తూనే ఉండాలి. గ్రానైట్ గుట్టల మధ్య బతికే మన ఊరివాళ్లకు రాయి ఇంత బలహీనంగా కనబడటం వింతే.

బతుకమ్మ పేర్చే ఇంటివాణ్ణి:
తంగేడు, గునుగు పూలు పేర్చి, ఆడి, సాయంత్రానికి చెరువులో వదిలేసే మనకు వాడిపోయే రూపం కొత్త కాదు. అయితే బతుకమ్మకు ఎవరూ వెల కట్టరు. 1969లో అదే ఉద్యమానికి చెందిన కునెల్లిస్ రోములోని ఒక గ్యాలరీలో పన్నెండు బతికున్న గుర్రాలను కట్టేసినప్పుడు, కొని గోడకు తగిలించుకోగల సరుకేదీ అక్కడ లేకుండా పోయింది. నాకు ఆ ధిక్కారం నచ్చింది. అయినా ఆ ఉద్యమకారుల పనులు తర్వాత మ్యూజియాలకే చేరాయి. దాన్ని ఓటమి అనాలో గెలుపు అనాలో ఇంకా తేల్చుకోలేదు, గుర్రాల అభిప్రాయమైతే ఎవరూ అడగలేదు.

మెహదీపట్నం పాఠకురాలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పిస్తొలెత్తో తన అద్దపు చిత్రాలను తుడవడానికి వాడిన గుడ్డలే ఆ కుప్పలోకి చేరాయని ఇప్పుడే చూశాను. అంటే శ్రమ లేకపోలేదు, చెక్కిన చేతికి బదులు తుడిచిన చేతిది. ఈసారి రెబెకాను చూడబోయినప్పుడు, ఆ రాతి ముసుగు మీద దుమ్ము ఎవరు దులుపుతారో కూడా అడుగుతాను.