జీతం పడిన రోజా, నెలాఖరా? యువత పొదుపు ప్రచారంపై చర్చ

సిక్కోలు మాస్టారు:
డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకూ, పైడిభీమవరం పరిశ్రమల్లో కొత్తగా చేరిన యువకులకూ పొదుపు అలవాటు చేయడానికి మా కళాశాల ఒక ప్రచారం తలపెట్టింది. గోడపత్రిక మీద అప్పులపాలైన కుర్రవాడి బొమ్మ వేయాలని కొందరు, సొంత ఇల్లు కట్టుకున్న కుర్రవాడి బొమ్మ వేయాలని కొందరు పట్టుబడుతున్నారు. భయం పనిచేస్తుందా, ఆశ పనిచేస్తుందా?

రణస్థలం ఉద్యోగి:
మాస్టారూ, రెండూ పనిచేయవని నా అభిప్రాయం. నేను మందుల కంపెనీలో చేరిన కొత్తలో, జీతం పడిన సందేశం ఫోనులో మోగగానే గదిలోని నలుగురమూ బిర్యానీకి బయలుదేరేవాళ్లం. 5వ తేదీకి ఫోను ఈఎంఐ పోయేది. 20 దాటితే టీ కొట్టులో ఖాతా రాయించేవాళ్లం. పొదుపు మంచిదని మాకు తెలియక కాదు, మిగిలితే దాచుదామనుకున్నాం, మిగలలేదు. అమెరికాలో థేలర్, బెనార్ట్‌జీ అనే ఆర్థికవేత్తలు ఈ బలహీనతనే ఆధారం చేసుకుని, ఇప్పటి జీతం జోలికి పోకుండా, ముందుముందు జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపుకు మళ్లేలా ఉద్యోగులను ముందే ఒప్పించారు. 2004లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, అలా చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. కాబట్టి గోడపత్రిక మానేసి, శిబిరం పెట్టి, జీతం పడిన మర్నాడే సొమ్ము దానంతటదే ఆర్డీకి, అంటే నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్‌కు, మళ్లేలా అక్కడికక్కడే సంతకాలు పెట్టించండి. పోస్టాఫీసు ఆర్డీ నెలకు 100 రూపాయలతోనే మొదలవుతుంది. నెలకు 1,000 చొప్పున కడితే, 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు 71,000 పైచిలుకు చేతికి వస్తుంది.

చీపురుపల్లి డ్వాక్రా సభ్యురాలు:
తమ్ముడి లెక్క బాగుంది గానీ, మా అబ్బాయి సరిగ్గా అలాంటి ఏర్పాటునే మూడో నెలలో రద్దు చేయించుకున్నాడు. చెల్లెలి ఫీజు కట్టాలన్నాడు; అది అబద్ధమూ కాదు. ఈ జిల్లాల్లో పాతికేళ్ల కుర్రవాడి జీతం అతనొక్కడిదే అయితే కదా! మా సంఘంలో నెలనెలా కూర్చుని పుస్తకంలో రాసుకునేటప్పుడు ఎవరు కట్టలేదో అందరికీ తెలుస్తుంది, ఆపద వస్తే అందులోంచే అప్పూ పుడుతుంది. ఆ రెండూ లేకనే వాడి పొదుపు ఆగిపోయింది. పైగా ఏజెంట్ల మాట నమ్మి డిపాజిట్లు పోగొట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. సంతకం అనగానే పెద్దవాళ్లు బెదురుతారు.

రణస్థలం ఉద్యోగి:
ఆపద మాట ఒప్పుకుంటాను అక్కా. 100తో మొదలుపెట్టిస్తే చెల్లెలి ఫీజుకు అడ్డు రాదు, ఖాతా మాత్రం బతికి ఉంటుంది. అయితే నలుగురి ముందూ లెక్క చెప్పడానికి ఈ కాలపు కుర్రాళ్లు వస్తారంటారా? నేనైతే వెళ్లేవాణ్ని కాను.

చీపురుపల్లి డ్వాక్రా సభ్యురాలు:
నలుగురూ కలిసి బిర్యానీకి వెళ్లినవాళ్లే కదా తమ్ముడూ, ఆ నలుగురే చాలు.

సిక్కోలు మాస్టారు:
గోడపత్రికల ఖర్చు ఆపేశాం. ఒకే గదిలో ఉండేవారిని ఒక జట్టుగా రమ్మని, పోస్టాఫీసు సిబ్బందిని జీతాల వారంలోనే పిలుద్దామనుకుంటున్నాం. పెద్దవాళ్ల బెదురు పోవాలంటే శిబిరం కళాశాలలో పెట్టడం మంచిదా, పోస్టాఫీసులోనే పెట్టడం మంచిదా అన్నది ఇంకా తేలలేదు.