టవర్లు లేస్తే అద్దెలు తగ్గుతాయంటారు, మరి మా వీధిలో ఎందుకు పెరిగాయి?

నాలుగో_అంతస్తు:
పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనర్ చెప్పేశాడు, మూడు నెలలు టైం. పాత బిల్డింగే, నాలుగంతస్తులు పన్నెండు వాటాలు, లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుంటే ఊగుతుంది, కొత్తగా వచ్చినవాళ్లకి "అది పట్టుకోకండి" అని చెప్పడం మా పిల్లాడి డ్యూటీ. అయినా అద్దె మా జీతాలకి సరిపోయేది. పక్క రెండు ఇళ్లతో కలిపి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు, ముప్పై రెండు అంతస్తులంట. ఆఫీసులో ఒకాయన "మంచిదే కదా, ఇళ్లు పెరిగితే అద్దెలు దిగుతాయి" అన్నాడు, ఒళ్లు మండింది నాకు. మా వెనక వీధిలో మూడేళ్ల కింద ఒక టవర్ వచ్చింది, అప్పట్నుంచి చుట్టుపక్కల ఒక్క ఇంటి అద్దె కూడా తగ్గలేదు, పెరిగాయి. టూలెట్ బోర్డు చూసి అడిగితే ఒక పెద్దాయన "ఏరియా మారిపోయిందమ్మా" అన్నాడంట మా ఆవిడతో, పాత గోడలకి కనీసం సున్నం కూడా వెయ్యలేదు, ఏం మారిందో మరి. టవర్ల వల్ల సిటీలో బతకడం చవకవుతుందా, ఖరీదవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
మీ బాధ అర్థమైంది గానీ కప్పలు అరిచాయి కాబట్టి వాన పడిందన్నట్టుంది మీ లాజిక్. ఆ ఏరియాకి ఉద్యోగాలొచ్చాయి, జనం వస్తున్నారు, స్థలం రేటు పెరిగింది, అందుకే బిల్డర్ వచ్చాడు. టవర్ రాకపోయినా ఆ జీతాలున్నోళ్లు వచ్చేవాళ్లే, వచ్చి మీ పాత బిల్డింగులోనే మీకన్నా ఎక్కువ అద్దె ఇస్తామనేవాళ్లు. ఇప్పుడు వాళ్లు టవర్లోకి పోతారు, వాళ్లు వదిలిన ఇంట్లోకి ఇంకొకరు, వాళ్లు వదిలిందాంట్లోకి ఇంకొకరు. ఈ గొలుసుని ఎవాన్ మాస్ట్ అనే ఆర్థికవేత్త అమెరికా పెద్ద నగరాల్లో అడ్రస్ అడ్రస్‌గా లాగి చూశాడు. ఖరీదైన కొత్త బిల్డింగ్‌లో 100 మందికి చోటు దొరికితే ఆ గొలుసు వల్ల చివరికి తక్కువ ఆదాయం ఏరియాల నుంచి 45 నుంచి 70 మంది దాకా బయటికి మారగలిగారని తేలింది. అంటే అక్కడ ఆ మేరకి పోటీ తగ్గినట్టే. హెల్సింకీలో కూడా ఇలాంటి స్టడీ చేస్తే దాదాపు ఇదే కథ.

చిల్లర_మాటలు:
గొలుసు బాగుంది సార్, దాని చివర మనమున్నాం, అక్కడికి రావడానికి లిఫ్ట్ ఉందా మెట్లేనా

సైట్‌లో_ఉంటా:
పదహారేళ్లుగా సైట్లలో పని చేస్తున్నా, ఎకనామిక్స్ తెలీదు, కట్టడం తెలుసు. ఒక అపోహ తీసేస్తా. ఎత్తు పెరిగితే ఒక్కో ఫ్లాట్ చవగ్గా పడుతుందనుకుంటారు చాలామంది, భూమి వాటా తగ్గుతుంది కదా అని. భూమి వాటా తగ్గుతుంది, నిజమే. కానీ కట్టే ఖర్చు చదరపు అడుగుకి పెరుగుతూ పోతుంది. ఐదంతస్తుల బిల్డింగ్‌కి బరువు మొయ్యడమే ప్రధానం, ముప్పై అంతస్తులకి గాలి, భూకంపం పక్క నుంచి తోసే తోపుడు తట్టుకోవాలి, అందుకని షియర్ వాల్స్, స్టీలు ఎక్కువ, పునాది వేరే లెవెల్. అంతస్తులు పెరిగేకొద్దీ లిఫ్ట్‌లు పెరగాలి, ఒక్కో లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ కన్నం పెట్టుకుంటూ పోతుంది, రెండు మెట్ల దారులు, షాఫ్ట్‌లు, ఎలక్ట్రికల్ డక్ట్‌లు, ఇదంతా మీరు డబ్బు కట్టే ఏరియా, కాపురం చేసే ఏరియా కాదు. నీళ్ల సంగతి చూడండి, ప్రతి 10 మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ప్రెషర్ లెక్క, 100 మీటర్ల టవర్ పైట్యాంకు నుంచి డైరెక్ట్‌గా కింది అంతస్తుకి వదిలితే పది కేజీలతో వస్తుంది, కుళాయి, గీజరు వాచర్లు నిలవవు, అందుకే జోన్లుగా విడగొట్టి మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతాం. ఆ వాల్వు పాడైతే ఏమవుతుందో ఒకసారి చూశా, మూడో అంతస్తులో ఫ్లష్ ట్యాంక్ పైపు ఊడి గోడకి కొట్టుకుంటోంది పాములాగా.

ఇంకోటి, టైం. చిన్న అపార్ట్‌మెంట్ ఏడాదిన్నర రెండేళ్లలో ఇచ్చేస్తాం. టవర్‌కి నాలుగైదేళ్లు, అంతకాలం బిల్డర్ అప్పుకి వడ్డీ, కొన్నోడికి ఇటు అద్దె అటు ఈఎమ్ఐ. సగం టవర్ అయింది కదా కింద పది అంతస్తుల్లో దిగిపొండి అనలేం, పైన క్రేన్ తిరుగుతుంటుంది.

కాబట్టి స్థలం రేటు మండిపోతేనే టవర్ లెక్క కుదురుతుంది. టవర్ ఎప్పుడూ చవక ఇల్లు కాదు.

లెక్కల_మాస్టారు:
చాలా బాగా చెప్పారు, కానీ మీరు చెప్పింది నా మాటే. స్థలం రేటు ముందు, టవర్ తర్వాత. కొత్త ఇల్లు చవగ్గా ఉంటుందని నేనెక్కడా అనలేదు, దానివల్ల పాత ఇల్లు చవకవుతుందంటున్నా.

నాలుగో_అంతస్తు:
మాస్టారూ, అసలు పాత ఇల్లు ఉంటే కదా చవకవడానికి. దాన్నే కదా కూల్చేది! ఖాళీ స్థలంలో టవర్ కడితే మీ గొలుసు కరెక్టే అనుకుందాం. ఇక్కడ పోతున్న పన్నెండు వాటాలూ సిటీలో మాలాంటోళ్లకి అందే రకం. వాటి బదులు నూట ఇరవై వస్తాయి, ఒక్కటీ మాకు అందదు. నూటికి పైగా ఇళ్లు పెరిగాయని మీరు రాసుకుంటారు, పన్నెండు పోయాయని నేను రాసుకుంటా. మీ గొలుసు కొన్నేళ్లకి చివరి దాకా వస్తుందేమో, నాకున్నది మూడు నెలలు, పిల్లాడికి స్కూల్ మధ్యలో.

ఇంకోటి చెప్పనా, మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి డాబా ఎక్కి వెనక టవర్ మా వైపు కిటికీల్లో దీపాలు లెక్కపెట్టా. ఎనభై నాలుగు ఫ్లాట్లు కనిపిస్తాయి, ముప్పై ఒకటి వెలుగుతున్నాయి. మిగతావి ఎవరి ఇళ్లు?

లెక్కల_మాస్టారు:
పన్నెండు ఇళ్ల పాయింట్ ఒప్పుకుంటున్నా, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఖాళీ చేయించేవాళ్లకి పరిహారమో, కొత్తదాంట్లో పాత అద్దెకే వాటానో ఇవ్వాలని రూల్ ఉండాలి. కిటికీల లెక్క మాత్రం ఒప్పుకోను, కొందరు ఇంకా ఇంటీరియర్స్ చేయించుకుంటూ ఉంటారు, కొందరు ఊళ్లో ఉండరు, బెడ్రూం వెనక వైపు ఉండొచ్చు, కొత్త బిల్డింగ్ నిండటానికి టైం పడుతుంది.

మ్యాపుల_పిచ్చి:
ఖాళీ ఫ్లాట్ల సంగతి తేలిగ్గా తీసెయ్యకండి మాస్టారూ. వాంకూవర్‌లో దీనిమీదే 2017 నుంచి ఖాళీ ఇళ్ల పన్ను వేస్తున్నారు, మొదట ఇంటి విలువలో 1 శాతం, తర్వాత 3 శాతానికి పెంచారు. పన్ను వచ్చాక ఖాళీ ఇళ్లు తగ్గాయి.

అసలు ఈ గొడవలో ఎత్తు గురించి అనవసరంగా కొట్టుకుంటున్నాం. హాంకాంగ్ చూడండి, ఎటు చూసినా టవర్లే, ఇళ్ల రేట్లలో ప్రపంచంలోకెల్లా ఘోరమైన లిస్టులో ఏళ్ల తరబడి మొదటి స్థానం, ఫ్లాట్‌ని పార్టిషన్లు కొట్టి చేసిన గదుల్లో 2 లక్షల మందికి పైగా బతుకుతున్నారు. అక్కడ భూమి గవర్నమెంట్‌ది, లీజు అమ్మకాలే ఏళ్ల తరబడి దాని ఆదాయంలో పెద్ద భాగంగా ఉండేవి, రేటు పడిపోతే ఖజానా పడిపోతుంది. సింగపూర్‌లోనూ అవే టవర్లు, కానీ 1960లో హౌసింగ్ బోర్డు పెట్టి, 1966లో భూసేకరణ చట్టం తెచ్చి, భూమి చవగ్గా తీసుకుని 99 ఏళ్ల లీజుకి ఫ్లాట్లిచ్చారు, ఇవాళ అక్కడివాళ్లలో ఐదుగురిలో సుమారు నలుగురు ఆ ఫ్లాట్లలోనే. బిల్డింగ్ ఫోటోలు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేరు.

పారిస్‌కి ఎత్తే లేదు, మోంపర్నాస్ టవర్ 1973లో వచ్చాక జనం ఎంత విసుక్కున్నారంటే 1977లో 37 మీటర్ల లిమిట్ పెట్టారు. అయినా చదరపు కిలోమీటర్‌కి ఇంచుమించు 20 వేల మంది. ఆరేడు అంతస్తులు, మధ్యలో చిన్న పెరడు, అంతే. అద్దెలు మాత్రం మండిపోతాయి, అది వేరే సంగతి. ఆక్లాండ్‌లో 2016లో ఇళ్ల స్థలాల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మీద ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చారు, వచ్చినవి ఎక్కువగా టవర్లు కాదు, రెండు మూడంతస్తుల వరుస ఇళ్లు. అక్కడ అద్దెలు పెరగాల్సినంత పెరగలేదని స్టడీలు చెప్తున్నాయి.

చిల్లర_మాటలు:
ముంబైని మర్చిపోయారు. 1991 రూల్స్‌లో ఐలండ్ సిటీకి, అంటే దక్షిణం వైపు పాత ముంబైకి, ఎఫ్ఎస్‌ఐ 1.33 పెట్టారు, అంటే స్థలం విస్తీర్ణానికి 1.33 రెట్లే కట్టుకోవాలి, కట్టనివ్వకపోతే రేట్లు తగ్గేట్టయితే ముంబైలో ఫ్లాట్లు ఫ్రీగా పంచాలి ఈపాటికి

ఇరవై_ఏడు:
నేను టవర్లోనే ఉంటా, ఇరవై ఏడో అంతస్తు, కొనుక్కుని మూడేళ్లు. అందరూ విలన్‌లా చూడకండి. అమ్మ సాయంత్రం కింద భయం లేకుండా నడుస్తుంది, దోమల్లేవు. కానీ కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఖర్చు ఒకటుంది, మెయింటెనెన్స్. పక్క ఫ్లాట్‌లో అద్దెకుండే వాళ్లకి అద్దెలో ఆరో వంతు అదే. స్విమ్మింగ్ పూల్‌లో నేను ఇప్పటికి రెండుసార్లు దిగా, నెల నెలా దానికి కడుతున్నా. పొద్దున్న ఏడున్నరకి లిఫ్ట్ కథ ఇంకోటి, మొత్తం నాలుగు, ఒకటి రిపేరు, ఒకటి సామాన్లది, స్కూల్ బ్యాగులతో పిల్లలు, ప్రతి అంతస్తులో తలుపు తెరుచుకోవడం, లోపలున్నవాళ్లు కడుపు లోపలికి పీల్చుకుని "ఫుల్ అండీ" అనడం. బస్సు మిస్సయితే నేనే దింపాలి. ఇంట్లో పనికొచ్చే అమ్మాయిని ఆ సామాన్ల లిఫ్ట్‌లోనే రమ్మని మా అసోసియేషన్ రూలు పెట్టింది, దానిమీద మీటింగ్‌లో గొడవపడ్డా, ఓడిపోయా. ఆ అమ్మాయి ఇదివరకు మా గేటుకి ఎదురుగా పాత ఇళ్లల్లో ఉండేది, అవి కూల్చేశారు, ఇప్పుడు రెండు బస్సులు మారి వస్తుంది, అందుకే జీతం పెంచమంది, న్యాయమే కదా, పెంచాం. అంటే ఆ పాత ఇళ్లు పోయిన ఖర్చు తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది.

సైట్‌లో_ఉంటా:
ఇరవై ఏడు గారూ, మీ కార్పస్ ఫండ్, అంటే పెద్ద రిపేర్లకని అసోసియేషన్ దాచే డబ్బు, ఎంతుందో ఒకసారి అడగండి. లిఫ్ట్‌ల ఆయుష్షు ఇరవై, పాతికేళ్లు, తర్వాత మొత్తం మార్చాలి, నాలుగూ ఒకేసారి ముసలివవుతాయి. బయట గోడకి రంగు వెయ్యాలంటే పాత బిల్డింగ్‌కి లాగా సర్వి బాదులు కట్టేస్తే కాదు. పాత నాలుగంతస్తుల బిల్డింగ్ లిఫ్ట్ లేకుండా ముప్పై ఏళ్లు నడిచింది చూశారా, అది దాని చవకతనం. కూల్చి మళ్లీ కట్టుకుందామన్నా పన్నెండు మంది ఓనర్లున్నా వాళ్లు ఒప్పుకుంటే చాలు దానికి, టవర్‌కి నూట ఇరవై మంది సంతకాలు ఎవరు తెస్తారు?

ఇరవై_ఏడు:
అడిగా. "చాలినంత ఉంది" అన్నారు. అంకె చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:
సరే, నేను కొంచెం సర్దుకుంటా. ఖాళీ స్థలాల్లో, పాత ఫ్యాక్టరీ స్థలాల్లో ఎంత ఎత్తైనా కట్టుకోనివ్వండి, అద్దెకుండేవాళ్ల ఇళ్లు కూల్చి కట్టేటప్పుడు మాత్రం ముందు వాళ్లకి చోటు చూపించాలి. వద్దు వద్దు అని టవర్లే ఆపేస్తే మాత్రం వచ్చేవాళ్లంతా మీ పాత వాటాల మీద పడతారు, ఈ మాట వెనక్కి తీసుకోను.

నాలుగో_అంతస్తు:
టవర్లు ఆపమని నేనూ అనట్లేదు మాస్టారూ. నిన్న ఓనర్ దగ్గరికెళ్లి అదే అడిగా, కొత్తదాంట్లో మాకు ఒక చిన్నది అద్దెకిస్తారా, నాలుగేళ్లు ఎక్కడో సర్దుకుంటాం అని. "నువ్వు కాబట్టి ఇస్తాలే" అన్నాడు, మంచాయనే పాపం. పాత అద్దెకేనా అంటే కాసేపు ఆలోచించి "నీకు కొంచెం తగ్గిస్తా" అన్నాడు. మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి అన్నా. నవ్వి కుర్చీలోంచి లేచాడు. రేపు ఆదివారం రెండు ఇళ్లు చూడ్డానికి పోతున్నాం, ఒకటి మూడో అంతస్తు, లిఫ్ట్ లేదంట.