నిర్మాణ కోడ్ ప్రకారం కట్టేస్తే ఇంజనీరు బాధ్యత తీరిపోతుందా?

కృష్ణలంక_సివిల్:
మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, దానికి బాధ్యుడూ తనే అనే అస్తిత్వవాదం ఇంజనీర్లకు అక్కర్లేదని మొన్న మా సీనియర్ ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోను. 1945లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ కాగితాలు కోసే చాకు సంగతి ఎత్తాడు. చాకు దేనికో ముందే అనుకుని తయారుచేస్తాం, మనిషి మాత్రం పుట్టాకే తానేమిటో తేల్చుకుంటాడు అన్నాడు. మరి ఆ చాకు దేనికో, ఎవరికోసమో అనుకునేది ఎవరు? మనమే కదా.

విజయవాడలో కృష్ణ మీదున్న మన బ్యారేజీనే చూడండి. 1855 నాటి ఆనకట్ట 1952లో తెగింది, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి నిలబడింది. అదే రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి నగరంలోని సింగ్‌నగర్ మునిగింది. వందేళ్లకోసారి వచ్చే వరద ఎంతో లెక్క చెబుతుంది. వందేళ్ల వరదకు కట్టాలా, ఐదొందల ఏళ్ల వరదకా అన్నది ఏ లెక్కా చెప్పదు. ఎంత ముప్పు జనం నెత్తిన వదిలేస్తున్నామో తెలిసే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

గుంటూరు_సైట్:
సంతకం పెట్టేవాళ్లకి సరే అన్నా. సైట్‌లో ఉండే కుర్ర ఇంజనీరు మాటేంటి? మే నెల ఎండలో శ్లాబ్ వేస్తుంటాం. కాంక్రీటు మాల్ గట్టిగా ఉంది, పార ఆడట్లేదు, ఇంకో బకెట్ నీళ్లు పొయ్యమంటాడు మేస్త్రి. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందని ఇద్దరికీ తెలుసు. వద్దంటే పని ఆగుతుంది, కాంట్రాక్టర్ ఫోన్లో తిడతాడు, నెలాఖరుకి జీతం ఆపేస్తాడు. అక్కడ నీకు స్వేచ్ఛ ఉంది అంటే ఎలా? తప్పంతా కుర్రాడి మనస్సాక్షి మీదకు నెట్టి ఓనర్ తప్పుకోవడానికే ఈ వాదం పనికొస్తుంది. 1986లో అమెరికా చాలెంజర్ అంతరిక్ష నౌక అప్పుడు, చలికి రాకెట్ జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులు బిగుసుకుంటాయి, ఎగరేయొద్దు అని రాకెట్ కంపెనీ ఇంజనీరు రోజర్ బోయిజోలీ ముందురోజు రాత్రే మొత్తుకున్నాడు. ఎగరేశారు, ఏడుగురూ పోయారు. ఆయన మాటకి ఏం ఆగింది?

కృష్ణలంక_సివిల్:
ఆ రాత్రే ఇంకోటి జరిగింది తమ్ముడూ. బోయిజోలీ కంపెనీలోనే ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్‌ని పై అధికారి 'ఇంజనీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో' అన్నాడు. ఆ వైస్ ప్రెసిడెంట్ మాట మార్చి ప్రయోగానికి సరేనన్నాడు. హోదా వెనక ఇలా దాక్కోవడాన్నే సార్త్ర్ ఆత్మవంచన అన్నాడు. బోయిజోలీ ప్రయోగం ఆపలేకపోయాడు, నిజమే. తర్వాత విచారణ కమిషన్‌కి తన మెమోలు ఇచ్చి జరిగింది చెప్పాడు. ఓనర్ తప్పుకోకూడదన్నా అలా రాసిపెట్టినవాడు ఒకడుండాలి. నీ బకెట్ దగ్గరా అంతే. నీళ్లు పెంచకుండానే మాల్ ఆడేలా చేసే ప్లాస్టిసైజర్ తెప్పించమని అడగొచ్చు, రిజిస్టర్‌లో టైంతో సహా రాయొచ్చు, బలం పరీక్షకు ఆ బ్యాచ్ నుంచే క్యూబులు తీయొచ్చు.

పటమట_స్ట్రక్చరల్:
అతని టెన్షన్ తేలిగ్గా తీసుకోకండి. రిజిస్టర్‌లో రాసినందుకే ఉద్యోగం పోయినవాళ్లు నాకు తెలుసు. డ్రాయింగ్ మీద సంతకం మాది. శ్లాబ్ రోజు సైట్‌కి పోకుండా ఆ కుర్రాణ్ని ఒంటరిగా వదిలేస్తున్నది కూడా మేమే. ఆ పొద్దున మాలో ఒకరు మిక్సర్ పక్కన నిలబడితే, బకెట్ వద్దని చెప్పే పని అతని మీద పడదు.

గుంటూరు_సైట్:
అది ఒప్పుకుంటానక్కా. మరి సైట్ విజిట్‌లు కూడా ఫీజులో కలపాలని ఓనర్‌తో ముందే మాట్లాడతారా?